గణపతి ఖాళీ చేసిన గది

ఫొటోలో అక్క మూతి ఎందుకలా ముడుచుకుందని అడిగావు కదా చిన్నోడా, దానికి జవాబు చిన్నదే. ఆ రోజు అక్కకు సన్మానం జరిగింది. సన్మానం జరిగితే నవ్వాలి కదా బాపమ్మా అంటావు. నవ్వుతారు నాయనా, చేసేవాళ్ళు నవ్వుతారు. ఫొటో మళ్ళీ తీసి చూడు. అక్క తప్ప అందరూ నవ్వుతున్నారు. మైకు పట్టుకున్నాయన అయితే దవడలు నొప్పి పుట్టేలా నవ్వుతున్నాడు.

పెద్ద జవాబు కూడా ఉంది. అది ఫోనులో అయ్యే పని కాదు. నా గొంతు ముందే సన్నం, పుణె దాకా వచ్చేసరికి ఇంకా సన్నబడుతుంది. "ఆఁ బాపమ్మా, ఆఁ బాపమ్మా" అంటూ మీరిద్దరూ వేరే ఏదో చూస్తుంటారని నాకు తెలుసు. అందుకని నిదానంగా కూర్చుని, రికార్డు చేసి పంపేలా చెబుతున్నాను. మీరు కూడా నిదానంగా వినండి.

మీ పెద్దనాన్న కూతురు ఇక్కడ నాందేడ్‌లో నా ఒళ్ళోనే పెరిగింది. పుట్టుకతోనే దాని కాళ్ళలో బలం లేదు. చక్రాల కుర్చీయే దాని నడక. ఆ కుర్చీలో అది ఎంత జోరుగా పోతుందో మీకు నేను చెప్పనక్కరలేదు, పోయినసారి వచ్చినప్పుడు దాని వెనక పరుగెత్తి మోకాలు చెక్కుకున్నది నువ్వే. ఏడో తరగతి దాకా బడితో మాకు ఏ పేచీ లేదు. ఆ తరగతులన్నీ కింద ఉన్నాయి. ఎనిమిది, తొమ్మిది, పది మేడమీద. పిల్ల పాసవుతుందని మాకు తెలుసు గానీ, పాసైతే పైకి పోవాల్సి వస్తుందన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు.

జూన్‌లో బడి తెరిచిన రోజు మీ పెద్దమ్మ కుర్చీ తోసుకుంటూ పోయి మెట్ల దగ్గర ఆగిపోయింది. దాని జట్టు పిల్లలంతా బూట్లు టపటపలాడించుకుంటూ పైకి పోయారు. కాసేపటికి పైనుంచి హాజరు పిలవడం వినిపించింది. తన పేరు రాగానే మీ అక్క కింద నుంచే, మెట్లు దాటి పైగదికి వినపడేలా "హజర్" అని అరిచింది. సారుకు వినపడింది, పిల్లలకు వినపడింది, పక్క బడికి కూడా వినపడి ఉంటుంది. అయినా గైర్హాజరే వేశారు. గొంతు తరగతిలోకి వచ్చింది గానీ మనిషి రాలేదట. బడి రూలు రూలే.

అక్కడ్నుంచి మీ పెద్దమ్మ అక్కను తోసుకుంటూ పెద్దసారు గదికి పోయింది. ఆయన మంచివాడు, చాలా మెత్తగా మాట్లాడతాడు. ఆయన మరాఠీని మీ కోసం తెలుగులోకి దింపుతున్నాను. దింపితే మర్యాద కొంచెం తగ్గుతుంది, అర్థం ఏమీ తగ్గదు. "ఇంత తెలివైన పిల్లకు తరగతి ఎందుకమ్మా, ఇంట్లో చదువుకుని పరీక్షలకు వస్తే చాలదా" అన్నాడు. తెలివి తక్కువ పిల్లలకేమో తరగతి, తెలివైన పిల్లకేమో ఇల్లు. మీ పెద్దమ్మ ఒప్పుకోలేదు. అయితే ఇద్దరు చప్రాసీలు పొద్దున కుర్చీతో సహా ఎత్తి పైన పెడతారు, సాయంత్రం దింపుతారు అన్నాడు. ఆ మాటకు అక్కే జవాబు చెప్పింది.

"నేనేమన్న బియ్యం బస్తనా సార్, పొద్దుగాల ఎక్కిచ్చి మాపటికి దించనీకి?"

అది పెద్దదవుతున్న ఆడపిల్ల. ఇంట్లో బట్టలు మార్చుకోవాలంటే నన్ను కూడా బయటికి పొమ్మంటుంది. ఇద్దరు మగవాళ్ళ చేతుల్లో రోజూ బడి అంతా చూస్తుండగా ఊగుతూ పోవడానికి దానికి సిగ్గు ఉండదా? పైగా మరుగుదొడ్డి కిందే ఉంది. మధ్యలో అవసరమైతే ఎవరిని పిలవాలి? ఈ సంగతి పెద్దసారుకు చెప్పడానికి మీ పెద్దమ్మ మాటలు వెతుక్కుంటుంటే, ఆయన అర్థం చేసుకున్నవాడిలా తల ఊపి "బఘూయా" అన్నాడు. చూద్దాంలే అని. ఇక్కడ ఆ మాట అన్నారంటే ఇక చూడరని అర్థం.

ఆ చూద్దాం నడుస్తున్నన్నాళ్ళూ అక్కను కింద అయిదో తరగతి గదిలో ఓ మూల కూర్చోబెట్టారు. ఎనిమిదో తరగతి సార్లు వీలున్నప్పుడు దిగి వచ్చి చెబుతామన్నారు. పాపం వాళ్ళకు వీలుండేది కాదు, వాళ్ళకూ మెట్లు కష్టమే. దాంతో మీ అక్క అయిదో తరగతి రెండోసారి చదివింది. అక్కడి చిన్నపిల్లలు దాన్ని కొత్త టీచరమ్మ అనుకుని మూత్రానికి వెళ్ళాలన్నా దాన్నే అడిగేవాళ్ళు. అది మాత్రం పొద్దున లేచి మంచినీళ్ళు తాగడం మానేసింది. బడిలో ఎవరినీ సాయం అడగకుండా ఉండాలని. ఎండిపోయిన పెదాలు చూసి నాకు తెలిసింది. అడిగితే దప్పిక లేదంది.

మీ పెద్దనాన్నను పోయి గట్టిగా అడగమన్నాను. ఆయన రైల్వేలో సిగ్నళ్ళు చూసే మనిషి. ఏ రైలు ఏ పట్టా మీద పోవాలో ఆయన చెబితే ఇంత పెద్ద బండీ వింటుంది. బడికి పోయి మాత్రం చేతులు కట్టుకుని నిలబడి, పెద్దసారు ఇచ్చిన చాయ్ తాగి వచ్చాడు. చాయ్ బాగుందట.

ఆగస్టు మొదట్లో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. మీ పెద్దమ్మ నన్ను కూడా రమ్మంది. మాతోపాటు ఆటో ఆయన వచ్చాడు. ధర్మాబాద్ దిక్కు మనిషి, మన మాటే. అక్కను రోజూ బడికి తీసుకుపోయేది ఆయన ఆటోనే. ఆయన కొడుకూ అక్క తరగతే. ఆ పిల్లాడికి చెవులు సరిగా వినపడవు, సారు పెదాలు చూసి పాఠం పట్టుకుంటాడు. అయితే పొడుగ్గా ఉన్నాడని చివరి బెంచీలో కూర్చోబెట్టారు. ముందుకు మార్చమంటే, ఎత్తు ప్రకారం కూర్చోవడం బడి శిస్తు అన్నారు. శిస్తు అంటే క్రమశిక్షణ. వినపడకపోయినా పర్వాలేదు, వరస వంకర పోకూడదు. కొడుకుతో మాట్లాడీ మాట్లాడీ ఆటో ఆయన గొంతు పెద్దదైపోయింది, చెవిలో గుసగుసలాడినా వీధి చివరికి వినపడుతుంది.

మీటింగులో మీ పెద్దమ్మ లేచి నిలబడింది. దాని పుట్టిల్లు కర్ఖేలి. అక్కడ తెలుగులో పుట్టి మరాఠీలో చదువుకుంది, కోపం వస్తే రెండూ కలిసిపోతాయి. ఎనిమిదో తరగతిని కిందికి దింపండి, కింద ఉన్న గదుల్లో ఒకటి పైకి మార్చండి, ఇంతే కదా అడిగేది అంది. ఇస్త్రీ చొక్కా తండ్రి ఒకాయన వెనక్కి తిరిగి, ఇట్లాంటి పిల్లలకు వేరే బడులు ఉంటాయి కదా, అక్కడైతే వాళ్ళకే సుఖం అన్నాడు. మా సుఖం గురించి అంత ఆలోచించే మనిషి, తన స్కూటరు సరిగ్గా మా కుర్చీ వచ్చే దారికి అడ్డంగా పెట్టి వచ్చాడు.

పెద్దసారు ఓపికగా విన్నాడు. కింద ఏ గదీ ఖాళీ లేదన్నాడు. ఒకటి తన గది, ఒకటి సార్ల గది, మిగతావి చిన్న తరగతులు, చివరిది సంస్థాపకుడి గది. బడి పెట్టిన పెద్దాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ గదిలో ఆయన పటం, గంధపు దండ, గుడ్డలు కప్పిన కుర్చీలు, కప్పులూ షీల్డులూ పెట్టిన అల్మారా ఉంటాయి. జయంతికీ వర్ధంతికీ తాళం తీస్తారు. ఆ గది మాత్రం కదిలించేది లేదన్నాడు. ఆ తర్వాత నా వైపు చూసి, పిల్లను మాహూర్ గుట్ట మీదికి తీసుకుపోయారని విన్నానే, రేణుకమ్మ మెట్లు ఎక్కించగలిగినవాళ్ళకు మా మెట్లు ఏపాటివి అన్నాడు.

నిజమే, అది చిన్నగా ఉన్నప్పుడు మీ పెద్దనాన్న వీపు మీద ఎక్కించుకుని తీసుకుపోయాడు. నేను కూర్చున్నచోటి నుంచే చెప్పాను.

"మాహూర్ల అమ్మవారు ఏడాదికి ఒక్కపారి రమ్మంటది సార్. రోజు హాజరి తీస్కోదు."

పెద్దసారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఏమన్నారని అడిగాడు. నాకు తిరిగి చెప్పే పని పడలేదు. ఆటో ఆయన లేచి ఆ మాటను మరాఠీలో మీటింగంతా మోగేలా చెప్పాడు. వెనక నాలుగు వరసల్లో తల్లులు నవ్వారు. ఇస్త్రీ చొక్కాయన ఫోను చూసుకున్నాడు. పెద్దసారు కూడా నవ్వి, బఘూయా అని, చాయ్ తెమ్మన్నాడు.

ఆ చూడటం పదిహేనో ఆగస్టుకు పూర్తయింది. ఇక్కడ ఒక ఆచారం ఉంది. ఎవరైనా ఏదైనా అడుగుతుంటే శాలువా కప్పి కొబ్బరికాయ చేతికిస్తారు. కాయ చేతిలో ఉన్న మనిషి వేలు చూపించి అడగలేడు కదా. జెండా ఎగరేశాక అక్క పేరు పిలిచారు. స్టేజీకి మెట్లున్నాయి. ఆ సంగతి పిలిచాక గుర్తొచ్చింది. చప్రాసీలు ముందుకు రాబోతే అక్క బ్రేకు వేసి కూర్చుంది. చివరికి ముఖ్య అతిథి స్టేజీ అంచున నిలబడి, వంగి, పైనుంచి దాని మీద శాలువా వేశాడు, గణపతికి దండ వేసినట్టు. మైకులో ఒకాయన, ఈ బిడ్డను ఏ కొండా ఆపలేదు అని గద్గదంగా చెప్పాడు. వెనక మెట్లు కనిపిస్తూనే ఉన్నాయి. నువ్వు చూసిన ఫొటో అప్పటిదే. ఎండ మండిపోతుంటే ఉన్ని శాలువా కప్పుకున్న పిల్ల మూతి ఎలా ఉంటుందనుకున్నావు?

ఇంటికొచ్చాక అక్క నన్నడిగింది.

"బాపమ్మా, నేనేం గెలిచిన్నని శాలువ కప్పిండ్రు?"

"గెలిచినందుకు కాదు బిడ్డా. నోరు మూసుకుంటవని ముందుగాల్నే బయాన ఇచ్చిండ్రు."

అది చాలాసేపు నవ్వింది. ఆ తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. పొద్దున, ఇక బడికి పోను, ఇంట్లోనే చదువుకుంటానంది. మీ పెద్దమ్మ రొట్టె చేస్తూ చేతులు ఆపేసింది. బడివాళ్ళు జూన్ నుంచి కోరుకుంటున్నదీ అదే మరి. పిల్ల నోటితోనే అనిపించారు. గణపతి పండుగ దాకా ఒక్క నెల ఓపిక పట్టు, ఆ తర్వాత నీ ఇష్టం అని నేనే బతిమాలాను. పండుగ తర్వాత ఏం జరుగుతుందని కాదు, ఏదో ఒక గడువు పెట్టాలి కదా అని.

ఏటా బడి గణపతిని మేడమీద హాల్లో పెట్టేవాళ్ళు, చంకలో పట్టేంత విగ్రహం. ఈసారి బడి అధ్యక్షుడు, అంటే ఆ పెద్దాయన కొడుకు, తన కంటే పొడుగు గణపతిని తెచ్చాడు. డోలు తాషాలతో బండి మీద ఊరేగించి తెచ్చి మెట్ల దగ్గర ఆపారు. ఎత్తారు, వంచారు, అడ్డంగా తిప్పారు. మెట్ల మలుపులో ఎడమ చెవి గోడకు తగిలి రంగు రాలింది. ఇక అధ్యక్షుడు వద్దన్నాడు, దేవుణ్ణి ఇట్లా అవస్థ పెట్టకూడదన్నాడు. సాయంత్రం లోపల సంస్థాపకుడి గది ఖాళీ అయిపోయింది. కుర్చీలు పైకి పోయాయి, అల్మారా పైకి పోయింది, పెద్దాయన పటం కూడా గంధపు దండతో సహా పైకి పోయింది. కాళ్ళు లేని పటం మెట్లెక్కడానికి అంత సులువుగా ఒప్పుకుంటుందని మాకు అప్పటిదాకా తెలియదు.

అక్క ఇదంతా ఆటోలో కూర్చుని చూసిందట. ఇంటికొచ్చి కుర్చీ తిప్పుకుంటూ చెప్పింది.

"గణపతికి గది ఇచ్చిండ్రు బాపమ్మా. ఆయన అడగనే లేదు."

మీ పెద్దమ్మ ఆ మాట విని, పండుగ రోజులన్నీ పొద్దునా సాయంత్రం హారతికి పోయి వచ్చింది. దానికి ఇంత భక్తి ఎప్పుడు పుట్టిందా అనుకున్నాను. అది దేవుణ్ణి కాదు, గదిని చూసి వస్తోందని తర్వాత తెలిసింది. గుమ్మం కుర్చీకి సరిపోతుంది, కిటికీలు రెండు ఉన్నాయి, మరుగుదొడ్డి పక్కనే.

గోదావరిలో నిమజ్జనం అయిన మర్నాటి నుంచి పితృపక్షం మొదలు. పోయిన పెద్దలకు మనం బియ్యం ఇచ్చే రోజులు. ఆ పక్షంలో ఇక్కడ పెళ్ళిచూపులుండవు, కొత్త బండి కొనరు, ఇల్లు మార్చరు. ఇక పోయిన పెద్దమనిషి పటాన్ని ఆ రోజుల్లో కదిలిస్తే ఇంకేమైనా ఉందా? నవరాత్రి ఘటస్థాపన దాకా పటం పైనే ఉండాలని అధ్యక్షుడి ఇంట్లో తేల్చారట. ఈ మాట ఆటో ఆయనకు తెలిసింది, ఆయనకు తెలిస్తే గుసగుసగానే అయినా ఊరికంతటికీ తెలిసినట్టు.

నిమజ్జనం మర్నాడు పొద్దున్నే నేను, మీ పెద్దమ్మ, అక్క ఆటోలో బడికి పోయాం. హారతికి వచ్చే తల్లులు కొందరు కూడా కలిశారు. గది తెరిచే ఉంది. నేల మీద పూల రెక్కలు, పసుపు అక్షింతలు తప్ప ఏమీ లేవు. మీ పెద్దమ్మ పెద్దసారును అక్కడికే పిలిచి, గది ఖాళీగా ఉంది కదా, ఎనిమిదో తరగతి ఇక్కడ కూర్చుంటుంది అంది. ఆయన బెదిరిపోయాడు. అడగడం తప్పని అనలేదు, తిథి బాగాలేదన్నాడు. పితృపక్షంలో కొత్త పని ఎవరైనా మొదలుపెడతారా అన్నాడు.

"ఇది కొత్త పని కాదు సార్. జూన్ల మొదలైన పాత పనే," అంది మీ పెద్దమ్మ.

పెద్దసారు జవాబు కోసం గోడ మీది ఖాళీ మేకు వైపు చూశాడు. ఆయన చూస్తుండగానే ఆటో ఆయన పైకి పోయి ఒక బెంచీ భుజాన వేసుకుని దిగాడు. వెనకే తల్లులు, వాళ్ళ వెనక ఎనిమిదో తరగతి పిల్లలు. ఆపేవాళ్ళు లేరు. ఆపడం కూడా ఒక కొత్త పనే కదా. ఆ పూట హాజరు పిలిచినప్పుడు అక్క గొంతు చించుకోలేదు. మామూలుగా హజర్ అంది. నేను గుమ్మం బయట నిలబడి విన్నాను. ఇంటికొచ్చాక చెంబెడు నీళ్ళు ఒక్క గుక్కలో తాగింది.

ఆ పక్షం రోజులు హాయిగా గడిచాయి. ఘటస్థాపన నాడు పటం దిగి వస్తుందని మేమూ, ఆటో ఆయనా, తల్లులూ ముందే పోయి గుమ్మం దగ్గర నిలబడ్డాం. అధ్యక్షుడు పటం పట్టించుకుని మేళంతో దిగాడు. గదిలో లెక్కల పాఠం నడుస్తోంది. ఎవరి అనుమతితో ఇక్కడ కూర్చున్నారని అడిగాడు. పెద్దసారు పైకప్పులో ఏదో పగులు ఉన్నట్టు చూస్తూ నిలబడ్డాడు. పిల్లలు పుస్తకాలు మూశారు. అక్క మాత్రం కుర్చీ బ్రేకు వేసుకుంది, చక్రం మీద చెయ్యి తియ్యలేదు. మీ పెద్దమ్మ పోయి ఆ కుర్చీ పిడి పట్టుకుంది. ఇప్పుడు గానీ పిల్ల బయటికి వచ్చిందా, మళ్ళీ బడి గేటు దాటదని దానికి తెలుసు. నోరు తెరిచింది నేను.

"పిల్లల కోసం బడి పెట్టిన మనిషి గద నాయనా మీ బాపు. పిల్లలు లేని గదిల ఒక్కడే ఏం జేస్తడు? ఆయనను సుత ఈళ్ళ నడుమనే కూసోనియ్యి."

ఆటో ఆయన దాన్ని మరాఠీలో మేళం వాళ్ళకు కూడా వినపడేలా చెప్పాడు. మేళం ఆగింది. అధ్యక్షుడు మా వైపు చూశాడు, పిల్లల వైపు చూశాడు, ఫోనుల్లో వీడియో తీస్తున్న తల్లుల వైపు కొంచెం ఎక్కువసేపు చూశాడు. మా నాన్నకు పిల్లలంటే పడదని అంతమందిలో ఎవరంటారు? తానే స్టూలెక్కి పటాన్ని పాత మేకుకే తగిలించి, కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగానే తుడుచుకున్నాడు, ఎగతాళి కాదు.

ఆ తర్వాత జరిగింది మాత్రం ఎగతాళికి తగిందే. దివ్యాంగుల మీద కరుణ చూపినందుకు అధ్యక్షుడికి బడిలోనే సన్మానం చేశారు. శాలువా, కొబ్బరికాయ, మైకులో గద్గదం అన్నీ ఉన్నాయి. ఈసారి స్టేజీ మెట్లు ఎవరికీ అడ్డం రాలేదు. మీ పెద్దమ్మను చప్పట్లు కొట్టడానికి పిలిచారు. అది పోయి కొట్టి వచ్చింది. శాలువా ఆయనకు, గది మాకు, ఈ బేరంలో నష్టమేముంది అంది. ఆటో ఆయన కొడుకును కూడా ముందుకు మార్చారు. ఫిర్యాదులవాళ్ళంతా ఒకచోట ఉంటే మంచిదని అక్క పక్కన కూర్చోబెట్టారు. ఇద్దరూ పాఠం మధ్యలో మాట్లాడుకుంటున్నారని ఇప్పుడు కొత్త ఫిర్యాదు, అది బడివాళ్ళది.

ఇప్పుడు అక్క రోజూ బడికి పోతోంది, ఆ గదిలోనే కూర్చుంటోంది. గది తలుపు మీద ఎనిమిదో తరగతి అని రాయలేదు. ఇది తాత్కాలిక ఏర్పాటు మాత్రమేనని, ఏడాది చివరి దాకానేనని పెద్దసారు ప్రతి మీటింగులోనూ గుర్తు చేస్తుంటాడు. పోయిన మీటింగుకు నేను ఒక్కదాన్నే పోయాను. మీ పెద్దమ్మకు జ్వరం, ఆటో ఆయన స్టేషన్ కిరాయికి పోయాడు. పెద్దసారు నన్ను చూసి కుర్చీ వేయించాడు. మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగాడు. పుణెలో మనవలు బాగున్నారా అని మీ గురించి కూడా అడిగాడు. చాయ్ వచ్చింది. అక్క లెక్కల్లో ఎంత చురుకో చాలాసేపు చెప్పాడు. నేనడిగిన ఒక్క మాటకు తప్ప అన్నిటికీ ఆయన దగ్గర జవాబుంది. ఆ మాట రెండుసార్లు అడిగాను, రెండోసారి లేచి ఆయన బల్ల దగ్గరికి పోయి, నాకొచ్చిన మరాఠీలో, చేతనైనంత గట్టిగానే అడిగాను.

"సార్, పిల్ల ఈసారి సుత పాసయితది. అచ్చే జూన్ల తొమ్మిదో తరగతి ఏడ కూసుంటది, కిందనా, పైననా?"